జలపాతం చూసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు

నాలుగు వానలు పడితే చాలు, కాజీపేట జంక్షన్‌లో బల్లార్షా వైపు వెళ్ళే ప్లాట్‌ఫారం మీద కాలేజీ పిల్లల గుంపులు కనిపిస్తాయి. భుజాన సంచులు, చేతుల్లో సెల్‌ఫోన్లు, ఒకరిద్దరి దగ్గర నోటుపుస్తకాలు. ఎక్కడికంటే కుంటాలకు అంటారు. మంచిర్యాల దాకా రైలు, అక్కడినుంచి లక్సెట్టిపేట, జన్నారం, కడెం, ఖానాపూర్ మీదుగా నిర్మల్, ఆపైన ఘాట్ రోడ్డెక్కి నేరడిగొండ. సోమవారానికి తిరిగి వస్తారు. మరో నెలకు ఆ నోటుపుస్తకాల్లోంచి కవితలు పత్రికలకు బయలుదేరుతాయి. తెల్లచీర ఆరేసిన కొండ, జడ విప్పుకున్న వనకన్య, శకుంతల నవ్వు. ప్రతి వానాకాలమూ ఇవే ప్రతీకలు, ఇదే వరసలో వస్తాయి.

ఈ పిల్లల్ని వెక్కిరించడానికి నాకు హక్కు లేదు. మొదటిసారి కుంటాల చూసి వచ్చిన ఏడాది నేనూ ఒక పద్యం రాశాను. కుంతలమంటే జుట్టు కదా, కొండమీదినుంచి జారే కడెం వాగును శకుంతల విప్పిన కుంతలాలుగా వర్ణించాను. శ్లేష బాగా కుదిరిందని మిత్రులు మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను. ఆ పద్యంలో తప్పేమిటో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం ఆ తప్పు గురించే. కుంటాల అందం మీద నాకెలాంటి కోపమూ లేదు. అందాన్ని చూసేటప్పుడు మన కన్ను దేన్ని కనిపించకుండా చేస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందు అక్కడ వస్తుగతంగా ఉన్నదేమిటో చూద్దాం. బజార్‌హత్నూర్ వైపు కొండల్లో పుట్టిన కడెం వాగు నేరడిగొండ మండలంలో, హైవే నుంచి పన్నెండు కిలోమీటర్లు లోపలికి పోతే, దాదాపు 45 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంది. దూకుతుందన్నాను గాని అది ఒకే దూకుడు కాదు. నల్లని రాతి అరుగుల మీద మెట్లు మెట్లుగా విరిగి, ఒకచోట రెండు పాయలై, మళ్ళీ కలిసి, కింద గుండంలో పడుతుంది. పైనుంచి కిందికి పోవడానికి నాలుగు వందల దాకా మెట్లు కట్టారు. జూలై నుంచి డిసెంబరు దాకా చూడదగ్గ ధార ఉంటుంది, ఎండాకాలం రాయి మిగులుతుంది. రాళ్ళ మధ్య గుహలాంటి చోట సోమేశ్వరుడున్నాడు. శివరాత్రినాటికి నీటి జోరు తగ్గుతుంది కనుక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, వాళ్ళలో గోండులు చాలామంది, వచ్చి మొక్కిపోతారు.

ఏటి అడుగున గట్టి రాయి, దాని ముందు మెత్తని రాయి ఉన్నచోట నీరు మెత్తనిదాన్ని తొలుచుకుంటూ పోతుంది, గట్టిది అరుగులా నిలబడిపోతుంది. పడినచోట నీళ్ళతో కొట్టుకొచ్చిన గుండ్రాళ్ళు సుడి తిరిగి తిరిగి గుండాన్ని ఇంకా లోతు చేస్తాయి. అంచేత పైకి నిశ్చలంగా కనిపించే గుండమే అన్నిటికంటె ప్రమాదకరం. పడే నీరు అడుగుకు పోయి ఈదేవాణ్ణి తనతోపాటు లాగుతుంది. ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళలో ఈత వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ ఊళ్ళ పిల్లలు ఆ గుండంలో దిగరు. నీళ్ళంటే భయమున్నవాళ్ళు కారు వాళ్ళు, ఆ నీళ్ళతో పరిచయమున్నవాళ్ళు. మన పిల్లలు దిగుతారు. మన కవిత్వానికీ ఆ మరణాలకూ సంబంధమేమిటని అడగవచ్చు. నీటిని బొమ్మగా చూడడం అలవాటైనవాడు దాని బరువును మరిచిపోతాడు. నాకు తెలిసిన సంబంధం అంతే.

ఇక పేరు. దుష్యంతుడు శకుంతలను ఇక్కడే చూశాడనీ, అందువల్లనే కుంటాల అయిందనీ ప్రతి పర్యాటక పత్రమూ రాస్తుంది, దారి చూపించేవాడూ అదే చెప్తాడు. కాళిదాసు నాటకంలో కణ్వాశ్రమం మాలినీ తీరాన, హిమాలయపు పాదాల దగ్గర ఉంది. ఆశ్రమాన్ని గోదావరి లోయకు ఎవరు మోసుకొచ్చారో గాని తెచ్చినవాడికి సంస్కృతమూ సరిగ్గా రాదు, తెలుగూ సరిగ్గా రాదు. శకుంతలలో ఉన్నది దంత్య తకారం, కుంటాలలో ఉన్నది మూర్ధన్య టకారం. కుంట మన సొంత మాట. నీళ్ళు నిలిచే పల్లం కుంట. కాజీపేటలో రైలెక్కితే కాసేపటికి జమ్మికుంట వస్తుంది. ఆ కుంటలో ఏ మహాకవీ ఏ శకుంతలనూ వెదకలేదు. రాతి అరుగుల మధ్య పొడుగునా గుంటలూ మడుగులూ ఉన్న చోటుకు కుంటాల అని పేరు రావడంలో రహస్యమేమీ లేదు. అయినా మనకు ఆ మాట సరిపోలేదు. జనం పెట్టిన పేరుకు పురాణంలో పుట్టుక చూపించకపోతే చోటుకు గౌరవం రాదని మన లోపల ఎక్కడో ఉన్న నమ్మకమది. నా కుంతలాల శ్లేష ఆ నమ్మకానికి పుట్టిన బిడ్డే.

శాకుంతలం మాట వచ్చింది కనుక, సాహిత్య విద్యార్థులకు ఒక చిన్న గుర్తు చేయాలి. ఆ నాటకంలో నీళ్ళ మీద ఆధారపడి బతికే మనిషి ఒక్కడున్నాడు. ఆరో అంకం మొదట్లో వచ్చే జాలరి. చేప కడుపులో ఉంగరం దొరికిన నేరానికి రాజభటులు వాణ్ణి చేతులు కట్టి కొట్టుకుంటూ తీసుకొస్తారు. చంపిస్తామని బెదిరిస్తారు. రాజుగారి బహుమానం వచ్చాక అదే భటులు వాడితో కల్లుపాకకు స్నేహం కలుపుతారు. కథంతా వాడి వలలో పడిన చేప మీద నిలబడి ఉంది. అయినా శృంగార శాకుంతలం రాసిన పిల్లలమర్రి పినవీరభద్రుడి కాలం నుంచి సినిమాల దాకా మన మనసులో నిలిచింది నారచీర కట్టిన కన్యే. కాళిదాసు జాలరిని చూశాడు. చూడనివాళ్ళం మనం.

కుంటాల చుట్టూ ఉన్నది గోండుల దేశం, కోలాముల దేశం. ఉట్నూరులో, ఆవల చాందాలో గోండు రాజులు ఏలినచోటు. గోండి తెలుగుకు దూరపు భాష కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వర్గీకరణ ప్రకారం రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖకు చెందినవే. గోండిలో నీళ్ళను ఏర్ అంటారు. మన ఏరుకు అది తోబుట్టువు. మనం ఆ మాటను ప్రవాహానికి ఉంచుకున్నాం, వాళ్ళు తాగే నీళ్ళకే ఉంచుకున్నారు. దేవుణ్ణి పెన్ అంటారు. ఇంత దగ్గరి భాషలో నాలుగు మాటలు నేర్చుకోకుండా ఎం.ఏ. తెలుగు పూర్తిచేయవచ్చునన్నది మన విశ్వవిద్యాలయాల ఘనత.

కుంటాల పిల్లలు ఎక్కే రైలుకూ ఈ కథలో చోటుంది. కాజీపేట, బల్లార్షాల మధ్య రైలుమార్గం 1929లో పూర్తయింది. దాంతో మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి పడింది. కాజీపేట పెద్ద జంక్షన్ కావడానికి ఆ మార్గం ఒక ముఖ్య కారణం. మన పట్టణ చరిత్రలో అదొక అభివృద్ధి ఘట్టం. అదే పట్టాలు అవతలి కొనలో మరోలా అర్థమయ్యాయి. రైలూ రోడ్డూ వచ్చిన కొద్దీ బయటి రైతులూ వ్యాపారులూ వచ్చారు, పట్టాలు రాయించుకున్నారు. అడవికి సర్కారు హద్దులు పాతింది. పోడు కొట్టుకున్న గోండు తన పొలంలోనే నేరస్థుడయ్యాడు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయింది ఈ పరిణామాల మధ్యనే. జల్, జంగల్, జమీన్ అన్న నినాదంతో ఆయన పేరు ముడిపడి ఉంది. మూడింట్లో మొదటి మాట నీరు. జంగల్ గురించీ జమీన్ గురించీ మన సాహిత్యంలో కొంత చర్చ జరిగింది, జల్ గురించి తక్కువ. బహుశా నీటికి పట్టా ఉండదు కనుక కాబోలు.

భీం మరణం తరువాతనే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల స్థితి పరిశీలించమని పంపింది. మార్లవాయిలో మకాం పెట్టి ఆయన చేసిన పని రెండు రకాలు. ఒకటి పుస్తకాలు, రెండోది భూమి పట్టాలకూ గోండి చదువుకూ జరిగిన ప్రయత్నం. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి ఇప్పటికీ మార్లవాయిలో ఉంది. సంస్థాన ప్రభుత్వపు ఉద్యోగిగా ఆయన పరిమితులు ఆయనకున్నాయి, తిరుగుబాటు మళ్ళీ రాకుండా చూడడం ఆయన్ను పంపినవాళ్ళ అవసరం. అది తెలిసి చదివితే ఆ పుస్తకాలు మనకు చాలా ఉపయోగపడతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కుంటాలకు పోయే పిల్లలు జన్నారం దాటేటప్పుడు, ఆ మండలంలోనే ఎడమ చేతివైపు గోదావరి ఒడ్డున కలమడుగు అనే ఊరుందని గమనించరు. అక్కడి రేవును హస్తినమడుగు అంటారు. జలపాతం కాదు, ఎత్తునుంచి పడేదేమీ లేదు, ఫోటోకు పనికొచ్చే వింత లేదు. నది రాళ్ళమధ్య పరుగెత్తి వచ్చి లోతు దొరికినచోట నెమ్మదించడమే మడుగంటే. ఎండాకాలంలో మిగతా ఏరు ఇసుకయిపోయినా మడుగులో నీరుంటుంది. ఆదిలాబాదు గోండుల్లో మెస్రం వంశం వాళ్ళకు ఈ మడుగు నీరు కావాలి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లోని నాగోబాకు పుష్య అమావాస్యనాటి రాత్రి ఈ నీటితోనే అభిషేకం జరగాలి.

ఆ నీరు తేవడం ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. పుష్యమాసం మొదట్లో నెలవంక కనిపించాక వంశం పెద్దలు కేస్లాపూర్‌లో కూర్చుని దారి నిర్ణయించుకుంటారు. ముందు బండి కట్టుకుని మెస్రంలున్న ఊళ్ళకు పోయి పండుగ సంగతి చెప్తారు. సిరికొండ కుమ్మరులకు కుండలు చేయమని చెప్పి వస్తారు. ఈ కుండల పని తరతరాలుగా అక్కడి ఒక కుమ్మరి కుటుంబానిదే, వాళ్ళు గోండులు కారు. తరువాత ఝారీ పట్టుకుని నడక మొదలవుతుంది. ఝారీ అంటే చిన్న ఇత్తడి పాత్ర. కటోడా, అంటే పూజారి, ప్రధాన్లు, పెద్దలు, వాళ్ళ వెనుక వందమందికి పైగా జనం, తెల్లని ధోవతులు, తెల్లని తలపాగాలు, కాళ్ళకు చెప్పులుండవు. దారిలో ఊరూరా మకాం. గుట్టలు దిగి, వాగులు దాటి హస్తినమడుగు చేరతారు. స్నానాలు చేసి, పూజ చేసి, ఝారీ నింపుకుని మళ్ళీ నడిచి వెనక్కి పోతారు. రానూపోనూ వంద కిలోమీటర్లకు మించిన నడక. తిరిగివచ్చేటప్పుడు ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ చేరాక ఊళ్ళోకి పోకుండా మర్రిచెట్టు కింద దిగుతారు. అమావాస్య దాకా అక్కడే ఉంటారు.

ఆ మర్రికింద వంటకు 22 పొయ్యిలు. మెస్రంలలో 22 కితలున్నాయి కనుక 22 పొయ్యిలు. వేలమంది వచ్చినా పొయ్యిల లెక్క మారదు, వంతులు వేసుకుని వండుకుంటారు. పుట్టమన్ను తేవడం, కుండలతో నీళ్ళు తేవడం, మట్టి మెదపడం, వీటన్నిటిలో కోడళ్ళకు ఒక పని, ఆడపడుచులకు ఒక పని, అల్లుళ్ళకు ఒక పని. కొత్తగా పెళ్ళయి వచ్చిన కోడళ్ళను ఆ రాత్రి దేవుడికి పరిచయం చేస్తారు. దీన్ని భేటింగ్ అంటారు. భేటింగ్ కాని కోడలు ఇంకా పూర్తిగా ఆ వంశపు మనిషి కానట్టే. అంటే ఒక ఝారీడు నీళ్ళ చుట్టూ కుమ్మరికీ గోండుకూ, పాటగాడికీ పూజారికీ, ఆడపడుచుకూ కోడలికీ ఉన్న సంబంధాలన్నీ ఏటేటా కొత్తగా ముడిపడతాయి. అభిషేకం చివరి ఘట్టం మాత్రమే. మనవాళ్ళు రాసిన జాతర వ్యాసాల్లో ఆ చివరి ఘట్టమూ, దుకాణాలూ, మంత్రులొచ్చే దర్బారూ ఉంటాయి. నడక ఒక వాక్యంలో అయిపోతుంది.

ఒక పుష్యమాసంలో నేను కలమడుగు రేవులో ఉన్నాను. స్నానం చేసి ఒడ్డున కూర్చున్న ఒక పెద్దమనిషి నన్ను పలకరించాడు. ఏ ఊరంటే కాజీపేట అన్నాను. రైలు టేషను కదా అన్నాడు. కాసేపాగి అడిగాడు:

“మీ దిక్కు తాగేటందుకు నీళ్ళు ఏడికెల్లి వస్తయ్ సార్?”

“నల్లా ఉన్నది” అన్నాను.

“నల్లాకు ఏడికెల్లి వస్తయ్?”

చెరువు నుంచి అన్నాను. వడ్డేపల్లి చెరువనీ, ధర్మసాగరమనీ పేర్లు చెప్పాను. ఆ చెరువుకు ఎక్కడినుంచి వస్తాయని మళ్ళీ అడిగాడు. వానకు, అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. వెక్కిరింపుగా కూడా చూడలేదు. నేను చెప్పింది తప్పని ఆయనకు తెలియదు. నాకూ అప్పటికి తెలియదు.

ఇంటికొచ్చాక విచారించాను. ధర్మసాగరంలోకి ఇప్పుడు వాన ఒక్కటే రావడం లేదు. ఏటూరునాగారం దగ్గర గంగారంలో దేవాదుల పంపులు గోదావరిని ఎత్తుతాయి. భీంఘన్‌పూర్, అక్కడినుంచి పులుకుర్తి, అక్కడినుంచి ధర్మసాగరం. గొట్టాల్లో మెట్లు మెట్లుగా, జలపాతానికి తలకిందులుగా, ఎక్కివస్తుంది నీరు. ఇక పైకి పోయి చూడండి. కుంటాలలో దూకిన కడెం వాగు కడెం ప్రాజెక్టు దాటి గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి కలమడుగు మీదుగా, మంచిర్యాల మీదుగా, కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుని, ఆపైన ఇంద్రావతిని కలుపుకుని గంగారం చేరుతుంది. కాజీపేట పిల్లవాడు కుంటాల ముందు నిలబడి ఫోటో తీసుకున్న నీటిలో కొన్ని చుక్కలు అతని ఇంటి నల్లాకు వచ్చే దారి నిజంగా ఉంది. ఆ దారంతా గోండుల ఊళ్ళు, కోయల ఊళ్ళు. మెస్రంలు తమ నీటి దారి కాళ్ళతో ఏటా ఒకసారి కొలుచుకుంటారు. నాకు నా నీటి దారి తెలియదు. అటువంటి నేను జలపాతం మీద పద్యం రాశాను.

ఈ జబ్బు కుంటాలతో మొదలుకాలేదు. తాడ్వాయి అడవుల్లో పుట్టి గోదావరిలో కలిసే కిన్నెరసాని గురించి విశ్వనాథ రాసిన పాటలు తెలుగు చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. అందులోని కథ అత్త పెట్టిన బాధకు వాగైపోయిన ఒక కోడలి కథ. ఆ కోడలి దుఃఖం నిజమైన దుఃఖమే. తీరాంధ్ర గృహస్థు ఇంటి కోడళ్ళ గురించి అది చెప్పేది తక్కువేమీ కాదు. కాని ఆ వాగుకు రెండు వైపులా కోయపల్లెలున్నాయనీ, ఆ నీటికి వాళ్ళ కథలు వాళ్ళకున్నాయనీ ఆ పాటలు విని పెరిగిన మాకెవరికీ తట్టలేదు. భావకవిత్వం ప్రకృతిని కనుగొన్నదంటారు. ప్రకృతిలో తన మనసును పెట్టి చూసుకోవడానికి ఖాళీ చోటు కావాలి గనక ముందు అక్కడి మనుషుల్ని ఖాళీ చేసింది. సర్కారు అడవికి హద్దులు పాతినప్పుడు చేసిన పనికీ దీనికీ పోలిక అతిశయోక్తి అనిపిస్తే సరే, అతిశయోక్తే అనుకోండి. ఒకదానికి తుపాకి ఉంది, రెండోదానికి లేదు.

దీనికి ఎదురుగా మన జిల్లాల్లోనే మరో నీటి కథ ఉంది. మేడారం పోయినవాళ్ళంతా జంపన్న వాగులో మునుగుతారు. పూర్వం సంపెంగ వాగు. కాకతీయ సైన్యంతో పోరాడి సమ్మక్క కొడుకు జంపన్న అందులో ప్రాణం విడిచాడనీ, వాగు ఎర్రబడిందనీ, అప్పటినుంచి పేరు మారిందనీ చెప్తారు. కరువులో కప్పం కట్టలేమన్న కోయలకూ ప్రతాపరుద్రుడికీ మధ్య యుద్ధం అది. శాసనాల్లో సాక్ష్యం వెదికేవాళ్ళు వెదకనివ్వండి. పువ్వు పేరున్న వాగుకు ఓడిపోయినవాడి పేరు పెట్టుకుని, ఆ పేరును జనం నిలబెట్టుకోవడం సాహిత్య విద్యార్థి గమనించవలసిన సంగతి. కుంటాలకు పైనుంచి పురాణం దిగింది. సంపెంగకు లోపలినుంచి చరిత్ర పుట్టింది. కాజీపేట నుంచి జాతర బస్సులెక్కే లక్షల మందికి ఈ తేడా వ్యాసం రాసి చెప్పనక్కరలేదు.

అయితే ఇక్కడ మరో పొరపాటుకు దారి ఉంది, ముఖ్యంగా మనవంటివాళ్ళకు. శకుంతలను తీసేసి ఆ చోట ఏ కల్మషమూ అంటని ఆదిమానవుణ్ణి కూర్చోబెట్టే పొరపాటు. గోండుల దేవతల్లో భీమాయక్ ఉన్నాడు. వాళ్ళ మడుగు పేరులో హస్తిన వినిపిస్తుంది. ప్రధాన్లు కిక్రీ మీద పాడే గాథల్లో పాండవుల పేర్లు తగులుతాయి. ఇది పైనుంచి రుద్దినదనీ, కాబట్టి కల్తీ అనీ తేల్చేస్తే, గోండులకు పక్కవాడి కథను తీసుకుని తమకు కావలసినట్టు తిప్పుకునే తెలివి లేదన్నట్టే. మనం కాళిదాసును కుంటాలకు తెచ్చినప్పుడు గోండును చెరిపేశాం. గోండు భీముణ్ణి తెచ్చుకున్నప్పుడు తన పెన్‌లలో ఒకడిగా కలుపుకున్నాడు. ఈ రెండు పనులూ ఒకటి కావు. ఇక మెస్రంలు తమలో తాము చందాలు వేసుకుని నాగోబాకు రాతి గుడి కట్టుకుని 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేసుకుంటే, పాత రూపం పోయిందని బాధపడ్డ పట్టణపు మిత్రులున్నారు. ఆ బాధ నాకు అర్థం కాదు. మన ఇళ్ళకు స్లాబు వేసుకున్నప్పుడు ఏ గోండూ వచ్చి విచారం ప్రకటించలేదు.

రాతలేనివాళ్ళన్న మాట కూడా ఇకమీదట జాగ్రత్తగా వాడాలి. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు బయటపడ్డాయి. జయధీర్ తిరుమలరావుగారు, ఆయనతోపాటు మరికొందరు ఆ లిపిని చదివించి, అచ్చువేయించి, పిల్లలకు నేర్పే దాకా తెచ్చారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. గుంజాల గోండి అని దానికి ఊరి పేరే పెట్టారు. కుంటాలకు పోయి వచ్చే విద్యార్థి ఆ దారిలోనే కొంచెం పక్కకు తిరిగితే ఒక లిపి పుట్టింటిని చూడవచ్చు.

ఉట్నూరు నుంచి గుడిహత్నూర్‌కు పోయే రోడ్డు మీద ఇంద్రవెల్లి వస్తుంది. 1981 ఏప్రిల్ 20న గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. ఆ ఊళ్ళవాళ్ళు చెప్పే లెక్క దానికి ఎన్నో రెట్లు. హస్తినమడుగు నుంచి ఝారీ మోసేవాళ్ళు దాన్ని దించకుండా ఈ ఊరిమీదుగానే పోతారు. స్థూపం, ఇంద్రాదేవి గుడి, కేస్లాపూర్ మర్రి, అన్నీ కొద్ది మైళ్ళలోనే ఉన్నాయి. సాహు, అల్లం రాజయ్య కలిసి కొమరం భీం నవల రాయగలిగారంటే ఈ రోడ్ల మీద తిరిగి, విన్నవాటిని విన్నట్టు గుర్తుపెట్టుకోవడం వల్లనే. ఆ నవలలో అడవి వర్ణన తక్కువ, అడవిలో పని ఎక్కువ. శిల్పం గురించి చర్చించేవాళ్ళు ఆ నిష్పత్తిని ఒకసారి లెక్కపెట్టి చూడాలి.

పర్యాటకం గురించి రెండు మాటలు. వాజేడు దగ్గరి బొగత జలపాతాన్ని తెలంగాణ నయాగరా అంటున్నారు. ఎవరి ఊళ్ళో నీటికైనా పైవాడి పేరు తగిలిస్తేనే టిక్కెట్టు తెగుతుందన్న లెక్క. నయాగరా కూడా ఒకప్పుడు అక్కడి ఆదివాసుల మాటే, అది వేరే సంగతి. దీపావళికి దండారీలో ఆడవలసిన గుస్సాడిని నెమలి ఈకల టోపీతో సహా వేదికల మీదికి తెచ్చి పది నిమిషాల్లో ముగిస్తున్నారు. మార్లవాయికి చెందిన గుస్సాడి కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశాడు. ఆయన జీవితమంతా పిల్లలకు ఆ ఆట నేర్పాడు. ఆయన్ను గౌరవించడమంటే ఆ ఆట ఆడే రోజుల్ని గౌరవించడం కూడా. జలపాతం దగ్గర టీకొట్టూ బండ్ల పార్కింగూ ఎవరి చేతిలో ఉన్నాయి, మెట్లు ఊడ్చేవాళ్ళెవరు, ప్లాస్టిక్ సీసాలు ఏ వాగులోకి పోతున్నాయి అన్నవి సాహిత్యేతర విషయాలని ఎవరైనా అంటే నాకు అభ్యంతరం. కుంటాల మీద వచ్చిన కవితలన్నిటిలో నేను ఇప్పటిదాకా వెదుకుతున్నది ఆ మెట్లు ఊడ్చే మనిషినే.

మా విద్యార్థులు కుంటాలకు ఎప్పుడు పోతే బాగుంటుందని అడుగుతూ ఉంటారు. ఆగస్టులో పొండి, నీళ్ళు నిండుగా ఉంటాయి, గుండంలో మాత్రం దిగకండి అని చెప్తాను. ఆ తరువాత పుష్యమాసంలో మరోసారి పొమ్మంటాను. అప్పటికి ధార సన్నబడి ఉంటుంది, ఫోటోలు బాగా రావు. కాని జన్నారం రోడ్డు మీద పొద్దున్నే తెల్లతలపాగాల వరస ఎదురుకావచ్చు. బండి పక్కకు తీసి ఆపాలి, హారను కొట్టకూడదు, అడగకుండా సెల్‌ఫోను పైకెత్తకూడదు. వాళ్ళు మకాం చేసిన ఊళ్ళో అడిగితే పక్కన కూర్చోనిస్తారు, తాగడానికి నీళ్ళిస్తారు. మీ ఊళ్ళో నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయని ఎవరైనా అడిగితే జవాబు తెలుసుకుని పోవడం మంచిది.